సంక్రాంతికి ఊరెళ్లే సంచి: లెక్క తిరుగు ప్రయాణం నుంచి మొదలవ్వాలి

పండక్కి హైదరాబాద్ నుంచి కోనసీమ వెళ్లే కుటుంబం సామాను వెళ్లేటప్పుడు ఒక రకం, వచ్చేటప్పుడు ఇంకో రకం. వెళ్లేటప్పుడు దాదాపు అంతా బట్టలే. వచ్చేటప్పుడు ఆ బట్టలకు అరిసెలు, జంతికలు, సున్నుండలు, ఉసిరి పచ్చడి, పండుమిరప పచ్చడి, అప్పడాలు, వడియాలు, కొబ్బరికాయలు, ఇంట్లోవాళ్లు పెట్టిన కొత్త బట్టలు తోడవుతాయి. వద్దంటే అమ్మ ఊరుకోదు, అత్తగారు అసలే ఊరుకోరు. అందుకని సర్దుడు మొదలుపెట్టే ముందు నేను కాగితం మీద రాసుకునే మొదటి పద్దు తిరుగులో ఏమేం వస్తాయన్నదే. వెళ్లేటప్పుడు ఎంత తీసుకెళ్లొచ్చో దాన్నిబట్టి తేలుతుంది.

ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉన్న మా ఇంటికి ఆ పద్దు ఇలా వస్తుంది. పిండివంటలు 4 కిలోలు. డబ్బాల బరువుతో కలిపి పచ్చళ్లు 3 కిలోలు. ఒలిచిన కొబ్బరికాయ ఒక్కోటి అర కిలో పైనే తూగుతుంది కాబట్టి ఎనిమిదికి నాలుగున్నర. అప్పడాలు, వడియాలు ఒక కిలో. కొత్త బట్టలు 2 కిలోలు. అన్నీ కలిపి 14, 15 కిలోలు. వెళ్లేటప్పటి సామాను 13 కిలోలు దాటకపోతే తిరుగులో 28 దగ్గర ఆగుతుంది. నాలుగు సంచులకు పంచితే సంచికి 7 కిలోలు.

రైల్వే నిబంధనల ప్రకారం స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో మనిషికి 40 కిలోలు, సెకండ్ ఏసీలో 50 కిలోలు ఉచితంగా తీసుకెళ్లొచ్చు. కాబట్టి 28 కిలోలతో వాళ్లకేమీ ఇబ్బంది లేదు. ఇబ్బందంతా మన చేతులకే. పండగ రోజుల్లో రైలు తలుపు దగ్గర కూడా మనుషులు నిలబడి ఉంటారు. ఇంకా తెల్లవారకుండానే, నిద్ర కళ్లతో ఉన్న పిల్లల చేయి పట్టుకుని, ఆగే కొద్ది నిమిషాల్లో రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద దిగాలి. అమలాపురానికి రైలు లేదు కాబట్టి అక్కడి నుంచి రావులపాలెం మీదుగా బస్సో, ఆటోనో. ప్రతి పెద్ద మనిషికీ ఒక చేయి ఖాళీగా ఉండాలి. ఆ చేయి మిగిలేలా బరువు తగ్గించడమే ఈ సర్దుడంతటికీ లక్ష్యం.

సంచుల సంగతి. చక్రాల గట్టి సూట్‌కేసు, 28 అంగుళాలది, ఖాళీగానే 4 కిలోలు తూగుతుంది. మన 13 కిలోల్లో దాదాపు మూడో వంతు పెట్టెకే పోతుంది. పైగా థర్డ్ ఏసీలో అనుమతించే పెట్టె కొలత 55 × 45 × 22.5 సెంటీమీటర్లు. 28 అంగుళాల పెట్టె ఇంతకంటే చాలా పెద్దది. కింది బెర్తు కింద అప్పటికే పక్కవాళ్ల సామాను ఉంటే అది ఎటూ ఒదగదు, నడిచే దారిలో నిలబడిపోతుంది. గుడ్డ సంచికి ఆ బాధ లేదు. ఎంత చోటుంటే అంతలో నలిగి దూరుతుంది. మేం వెళ్లేటప్పుడు వీపుకు తగిలించుకునే బ్యాగులు రెండు, 45 లీటర్ల గుడ్డ డఫెల్ బ్యాగు ఒకటి తీసుకెళ్తాం. రెండో డఫెల్‌ను ఖాళీగా మడిచి మొదటిదాని అడుగున పెడతాం. నాలుగో సంచి అదే, తిరుగులో తెరుస్తాం. పిల్లల భుజాన ఒక్కో చిన్న బ్యాగు. అందులో వాళ్ల స్వెట్టరు, నీళ్ల సీసా తప్ప ఇంకేమీ పెట్టం.

తూకానికి కొక్కేనికి తగిలించే చిన్న డిజిటల్ త్రాసు ఉంటే మంచిది. లేకపోతే మనుషుల బరువు చూసే మిషను చాలు: సంచి పట్టుకుని ఒకసారి, సంచి లేకుండా ఒకసారి నిలబడి తేడా తీయాలి. సంచిని నేల మీద నుంచి ఎత్తి చూసి బరువు అంచనా కట్టొద్దు. ఒక్క క్షణం ఎత్తితే 10 కిలోలు కూడా తేలికగానే అనిపిస్తాయి. మెట్ల వంతెన ఎక్కాకే అసలు బరువు తెలిసేది.

ఇక బట్టలు. రోజుకు ఎన్ని జతలు అని మొదలుపెడితే లెక్క ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. ఏ రోజు ఏం చేస్తామో రాసుకుని, దానికి బట్ట ఎంచుకోవాలి. భోగి నాడు చీకటితోనే మంట దగ్గరికి వెళ్తాం. పొగ వాసన పట్టేస్తుంది, నిప్పురవ్వ పడితే సింథటిక్ బట్టకు చిల్లు పడుతుంది. కాబట్టి ప్రయాణంలో వేసుకున్న నూలు బట్టలే ఆ మంట దగ్గరికి. తలంటు అయ్యాక ఇంటి బట్టలు. సంక్రాంతి నాడు కొత్తవి. కనుమ నాడు మళ్లీ ఇంటి బట్టలే. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి తిరుగు ప్రయాణం ముక్కనుమ నాడో, ఆ తర్వాతో. ఈ లెక్కన పెద్దవాళ్లకు ఒంటి మీది జత కాక రెండు మామూలు జతలు, ఒక పండగ జత సరిపోతాయి. పిల్లలకు ఇంకో జత కలుపుతాం. మట్టిలో, పేడలో, కాలవగట్ల మీద ఆడతారు, ఆడాలి కూడా.

ఇది కుదరాలంటే ఊళ్లో ఉతుక్కోవాలి. కోనసీమలో జనవరి ఉదయాలు మంచుతో తడిగా ఉంటాయి. ఎండ ఎక్కాక పది గంటలకు ఆరేసిన నూలు చొక్కా సాయంత్రానికి ఆరిపోతుంది. జీన్సు ఆరదు. నడుము పట్టీ, జేబులు తడిగానే మిగిలి రాత్రి మంచుకు ఇంకా చెమ్మెక్కుతాయి. ఒక జీన్సు ప్యాంటు బరువు 600 గ్రాముల పైనే ఉంటుంది, లుంగీ దానిలో సగం కూడా ఉండదు. జీన్సు కావాలంటే ఒంటి మీద ఒక్కటి, సంచిలో సున్నా. తువ్వాళ్లూ అంతే. మందపాటి టర్కీ తువ్వాలు ఇంట్లో వదిలేసి, మనిషికో పల్చటి నేత తుండు పట్టుకెళ్తే బరువు తగ్గుతుంది, గంటల్లో ఆరుతుంది, తలంటుకు కూడా అదే బాగా పనికొస్తుంది. చివరి ఉతుకుడు కనుమ ఉదయానికి అయిపోవాలి. ముక్కనుమ నాడు ఉతికితే తడి బట్టలు పిండివంటలతో కలిసి ఒకే సంచిలో ప్రయాణం చేస్తాయి. ఆ చెమ్మ జంతికలను మెత్తబరుస్తుంది.

బట్టలు సర్దడానికి ప్రత్యేకంగా కొనాల్సినవేమీ లేవు. చీరలు దాచుకునే జిప్పు గుడ్డ కవర్లు ప్రతి ఇంట్లో ఉంటాయి, బట్టల షాపులవాళ్లిచ్చిన గుడ్డ సంచులు బీరువా నిండా ఉంటాయి. నేను మనిషికో కవరు పెట్టను, సందర్భానికో కవరు పెడతాను. సంక్రాంతి కవరులో నలుగురి పండగ బట్టలూ ఉంటాయి: చీర, దాని జాకెట్టు, లంగా, పిన్నులు, పంచె, కండువా, పాప పట్టులంగా, బాబు కుర్తా, ఆ లంగాకు సరిపోయే గాజులు, జడగంటలు. మనిషికో కవరైతే ఆ ఒక్క పొద్దుట నాలుగు కవర్లూ విప్పి మంచం మీద గుమ్మరించాల్సి వస్తుంది. సందర్భానికో కవరైతే ఒక్కటే విప్పుతాం, మిగతావి కదలవు. పోయేవి ఎప్పుడూ చిన్నవే. చీర ఎవరూ మరిచిపోరు, దాని మ్యాచింగ్ లంగా మరిచిపోతారు. అందుకే కవరులో ముందు చిన్నవి వేసి, ఆ తర్వాత చీర పెట్టాలి.

పట్టుచీర విషయంలో రెండు జాగ్రత్తలు. ఒక్క చీరే తీసుకెళ్లాలి, ఎందుకంటే ఒక్కోటి 700 గ్రాముల నుంచి కిలో దాకా ఉంటుంది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టకూడదు. లోపల చెమ్మ నిలిచి జరీ నల్లబడుతుంది. పాత నూలు పంచె ముక్కలో, బీరువాలో ఉన్న మడతలు మార్చి కొత్త మడతలతో చుట్టాలి. అదే మడత మీద మళ్లీ మళ్లీ బరువు పడితే జరీ పోగు అక్కడే తెగుతుంది. సంచిలో పైన, అడ్డంగా పెట్టాలి. బంగారం సంచిలో పెట్టే ప్రసక్తే లేదు. ఒంటి మీదైనా ఉండాలి, లేదా నడుముకు కట్టుకునే చిన్న పర్సులో లోపలికి ఉండాలి.

సబ్బులు, నూనెల దగ్గర ఎక్కువ చెప్పక్కర్లేదు. షాంపూ సీసా వద్దు, ప్యాకెట్లు చాలు. చాలా ఇళ్లలో పండక్కి కుంకుడుకాయలే కొడతారు కాబట్టి అవి కూడా మిగిలిపోతాయి. కొబ్బరినూనె జనవరి చలికి గడ్డకడుతుంది, సన్నమూతి సీసాలోంచి రాదు, వెడల్పు మూత చిన్న డబ్బాలో పోసుకోవాలి. ముగ్గుపిండి, రంగులు, భోగిపళ్లకు రేగిపళ్లు, పూలు అన్నీ ఊళ్లోనే దొరుకుతాయి. రంగుల ప్యాకెట్టు సంచిలో పగిలితే పట్టుబట్టలకు అంటుకున్న రంగు వదలదు.

మందులు మాత్రం పెద్ద సంచిలోకి వెళ్లకూడదు. బీపీ, షుగరు మాత్రలు వెళ్లే రోజులకు మూడు రోజులవి అదనంగా కలిపి, స్ట్రిప్పుతో సహా, భుజాన వేలాడే చేసంచిలో పెట్టాలి. స్ట్రిప్పు కత్తిరిస్తే పేరు, గడువు తేదీ పోతాయి. ఊళ్లో మందుల షాపులో చూపించడానికి ఏమీ మిగలదు. ఇన్సులిన్ వాడేవాళ్లు ఐసు ముక్కకు ఆనించి పెట్టకూడదు, గడ్డకడితే అది పనికిరాదు. వాడుకలో ఉన్న పెన్ను జనవరి రాత్రి ప్రయాణానికి ఐసు లేకుండానే ఉంటుంది, ఎండ తగలకుండా చూసుకుంటే చాలు. అదే చేసంచిలో పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు, పిల్లల వాంతి మాత్ర, ఒక ఛార్జరు, ఒక పవర్ బ్యాంకు, టార్చి, ఆధార్ కార్డులు. టికెట్టు మీద ఉన్నవాళ్లలో ఒక్కరి దగ్గరైనా అసలు గుర్తింపు కార్డు ఉండాలి. ఫోన్ కెమెరాతో తీసుకున్న ఫొటో చెల్లదు. డిజిలాకర్‌లో ఉన్నది చెల్లుతుంది. రైల్లో రాత్రి 11 నుంచి పొద్దున 5 వరకు ఛార్జింగ్ పాయింట్లు ఆపేస్తుంటారు. కాబట్టి ఎక్కగానే ఫోన్లు ఛార్జింగ్‌కు పెట్టుకోవాలి.

దారిలో తిండికి స్టీలు క్యారేజీ తీసుకెళ్లొద్దు. నాలుగు గిన్నెలది ఖాళీగానే కిలో దాకా ఉంటుంది, తిన్నాక కూడా దాన్ని మోయాలి. చింతపండు పులిహోర అరిటాకులో పొట్లం కట్టి, పైన కాగితం చుట్టాలి. రాత్రికీ బాగుంటుంది, రైలు ఆలస్యమైతే పొద్దుటికీ పాడవదు. పెరుగన్నం కలిపేటప్పుడు పెరుగు పోయకుండా, గోరువెచ్చని అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు వేసి కలపాలి. తినే వేళకు సరిగ్గా తోడుకుంటుంది. ముందే పెరుగు కలిపితే రైలెక్కేసరికే పులుస్తుంది. కొబ్బరి పచ్చడి, పప్పు రాత్రి ప్రయాణానికి పనికిరావు.

రైల్లో సంచులు పెట్టే వరస కూడా ముఖ్యమే. డఫెల్ లోపలికి, బ్యాగులు ముందుకు. ప్రతి సంచి పిడికీ ఒకే రంగు గుడ్డపీలిక, మెరుస్తున్న పసుపుదో ఎర్రదో, కట్టాలి. చీకట్లో టార్చి వేస్తే మనవి ఏవో వెంటనే తెలుస్తాయి. ఎవరి సంచి ఎవరు దింపాలో పడుకునే ముందే చెప్పుకోవాలి. నిడదవోలు దాటగానే లేవాలి. కొవ్వూరు వచ్చేసరికి చెప్పులు వేసుకుని సంచులు బయటికి లాగి ఉంచాలి. గోదావరి వంతెన మీద ఉన్నప్పుడు తలుపు వైపు కదలాలి. వంతెన దాటగానే వచ్చే చిన్న స్టేషను గోదావరి, ఆ తర్వాతదే రాజమండ్రి.

అసలు పరీక్ష తిరుగు సర్దుడు. పిండివంటలు, పచ్చళ్లు ఒక్కోటీ ఒక్కో కారణంతో పాడవుతాయి. ఆ కారణం తెలిస్తే ఎలా కట్టాలో తెలుస్తుంది.

అరిసెలు పాడయ్యేది వేడి వల్ల. వేయించి, చెక్కల మధ్య నూనె ఒత్తేశాక అవి పైకి చల్లగా అనిపించినా మధ్యలో వేడి ఉంటుంది. ఆ వేడితోనే డబ్బాలో పెడితే ఆవిరి మూతకు పట్టి, చుక్కలై కిందికి జారి, మూడు నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. కనీసం ఒక రాత్రంతా పళ్లెంలో పరిచి ఉంచాలి. కాబట్టి అరిసెలు వండేది ప్రయాణానికి రెండు రోజుల ముందే అయ్యేలా ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవాలి. డబ్బా అడుగున బటర్ పేపరు మడతలు వేసి, రెండేసి అరిసెల మధ్య ఒక కాగితం పెట్టాలి. వదిలిన నూనె కాగితం పీల్చుకుంటుంది. వార్తాపత్రిక వాడొద్దు, నూనెకు సిరా అంటుతుంది.

జంతికలు, చక్రాలు విరిగేది పైబరువు కంటే ఖాళీ వల్ల. డబ్బాలో చోటుంటే ప్రతి కుదుపుకూ ఒకదానికొకటి కొట్టుకుంటాయి. డబ్బా నోటిదాకా నింపాలి. నింపడానికి సరిపోకపోతే పైన మడిచిన కాగితం కుక్కాలి. మూత పెట్టి ఊపితే చప్పుడు రాకూడదు. తెలంగాణ ఇళ్లలో చేసే సకినాలకూ ఇదే వర్తిస్తుంది, అవి ఇంకా పెళుసు. వాటిని బోర్లించకుండా దొంతరగా పేర్చి, డబ్బా గోడకూ వాటికీ మధ్య గుడ్డ దూర్చాలి.

ఆత్రేయపురం పూతరేకులు వేరే జాతి. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక పెట్టెలు బాగా కడుతున్నారు. అయినా ఆ రేకు మాత్రం అదే పల్చటి బియ్యపు రేకు. గాలిలో చెమ్మ తగిలితే మెత్తబడి అంటుకుపోతుంది, బరువు పడితే పొడవుతుంది. అట్టపెట్టెను అలాగే ఉంచి, సంచిలో పెట్టకుండా చేత్తోనే, బల్లపరుపుగా పట్టుకురావాలి. బెర్తు మీద తలవైపు పెట్టుకోవాలి. బెల్లంవి పంచదారవాటికంటే త్వరగా చెమ్మ లాగుతాయి, కాబట్టి ముందు అవి తినేయాలి. ప్రయాణం నాటి పొద్దున కొన్నవే తేవాలి.

పచ్చళ్లకు నూనె కారడం ఒక్కటే సమస్య. అయితే ఆ ఒక్కటి చాలు సంచంతా పాడవడానికి. గాజు సీసా వద్దు, మందపాటి ప్లాస్టిక్ డబ్బా కావాలి. మూతి వరకూ నింపకుండా వేలి వెడల్పు ఖాళీ వదలాలి. గట్టిగా అదిమి, పైకి తేలిన నూనె ఎక్కువైతే ఒక గిన్నెలోకి వంపేయాలి. ఆ నూనె ఇంట్లో అన్నంలోకి వాడుకుంటారు, మన డబ్బాలో హైదరాబాద్ వచ్చాక కొత్త నూనె పోసుకోవచ్చు. మూతి అంచు పొడిగుడ్డతో తుడవాలి. అంచున నూనె ఉంటే మూత ఎంత బిగించినా జారుతుంది. తర్వాత పాలిథీన్ ముక్క రెండు మడతలు మూతి మీద పరిచి, దాని మీద మూత బిగించి, చుట్టూ టేపు వేయాలి. కొత్తగా కలిపిన పండుమిరప పచ్చడి కొంచెం పొంగుతుంది, దానికి మూడు వంతులే నింపాలి. డబ్బాలన్నీ ఒక పాలిథీన్ సంచిలో నిలువుగా పెట్టి, డఫెల్ మధ్యలో అడుగున ఉంచి, చుట్టూ విడిచిన బట్టలు కుక్కాలి. డబ్బా పడుకోకుండా ఆ బట్టలే పట్టుకుంటాయి. విడిచిన బట్టలకు ఇంతకంటే మంచి ఉపయోగం లేదు. పట్టుబట్టలున్న కవరు ఈ సంచిలోకి ఎట్టి పరిస్థితుల్లోనూ రాకూడదు, అది వీపు బ్యాగులోనే.

కొబ్బరికాయలు పీచు తీసినవే తేవాలి, కానీ కళ్ల మీది పిలక మాత్రం ఉంచమనాలి. కళ్లు బయటపడితే అక్కడి నుంచే గాలి తగిలి కాయ కుళ్లుతుంది. ఎనిమిది దాటితే మోయకండి. బియ్యం బస్తా, ఎక్కువ కాయలు ఉంటే ఏపీఎస్ఆర్టీసీ కార్గోలో వేయొచ్చు. పేరు, ఫోన్ నంబరు మూటకు రెండు వైపులా రాయాలి. పండగ రద్దీలో ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు కాబట్టి అందులో తినుబండారాలు వేయకూడదు.

రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి విమానంలో వచ్చేవాళ్లకు లెక్క మారుతుంది. మామూలు టికెట్టుకు చెకిన్‌లో, అంటే కౌంటరు దగ్గర అప్పగించే సామానులో, 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు. పచ్చళ్లు చెకిన్‌లో వేయాలి, టేపు పైన ఇంకో కవరు ఎక్కువ చుట్టాలి. పూతరేకులు, జంతికలు చేతిసంచిలో. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, చెకిన్‌లో పెడితే సంచి తెరిపిస్తారు. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లు వస్తుంది, 100 వరకు అనుమతి ఉంది. ఎండుకొబ్బరి వద్దు. అందులో నూనె ఎక్కువ, తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది.

ఇల్లు చేరాక సంచులు విప్పడం మర్నాటికి వాయిదా వేయకూడదు. మొదట పచ్చళ్ల డబ్బాలు తీసి, తుడిచి, పొడి జాడీల్లోకి మార్చి నూనె పోయాలి. అరిసెల డబ్బా మూత తీసి గంటసేపు గాలికి పెట్టాలి. పట్టుచీర విప్పి నీడలో ఆరేయాలి. ఆ తర్వాత, బీరువా తలుపు లోపల అంటించిన జాబితా దగ్గరికి వెళ్లి, తీసుకెళ్లి కూడా మడత విప్పనివి ఏమున్నాయో చూసి వాటిని కొట్టేస్తాను. ఊళ్లో ఎవరినో అడిగి తెచ్చుకోవాల్సి వచ్చినవి ఉంటే రాస్తాను. మడత విప్పనివి సాధారణంగా పెద్దవాళ్ల రెండో స్వెట్టరు, పిల్లల బూట్లు, చదువుదామని పెట్టిన పుస్తకం. అడిగి తెచ్చుకునేవి సూది, దారం, ఎక్స్‌టెన్షన్ బోర్డు.